ఫంగస్ మందుకు టార్గెట్: మనిషిలో లేని ప్రొటీనే కావాలా?

బీజాంశం:
ఫంగస్ కూడా మనలాగే యూకారియోట్ (కణాల్లో కేంద్రకం ఉన్న జీవి). కాబట్టి టార్గెట్లను (మందు దెబ్బతీసే ప్రొటీన్లను) వడపోసే మొదటి జల్లెడ "మనిషిలో దీనికి జోడు, అంటే దీన్ని పోలిన ప్రొటీన్, ఉందా?" అన్నదే కావాలి. ఎకినోక్యాండిన్లు అనే ఫంగస్ మందులు ఆపే గ్లూకాన్ సింథేజ్ (ఫంగస్ కణ గోడను కట్టే ఎంజైమ్) మనలో లేదు, అందుకే అవి అంత సురక్షితం. ఆంఫోటెరిసిన్ బి అనే మందు ఫంగస్ పొరలోని ఎర్గోస్టెరాల్‌తో పాటు మన కొలెస్టెరాల్‌కూ కొంత అతుక్కుంటుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

కవకజాలం:
బీజాంశం గారూ, ఆ జల్లెడ పట్టి ఉంటే అజోల్స్ అనే ఫంగస్ మందులు వచ్చేవే కావు. వాటి టార్గెట్ సిప్51 అనే ఎంజైమ్ మనలోనూ ఉంది. ఒలోరోఫిమ్ అనే మందు ఆపే డీహైడ్రోఒరోటేట్ డీహైడ్రోజినేజ్ (పిరిమిడిన్ తయారీలో ఒక ఎంజైమ్) కూడా ఉంది. మానోజెపిక్స్ అనే ఇంకో మందు టార్గెట్ జీడబ్ల్యూటీ1కు మనలో జోడు పిగ్-డబ్ల్యూ, మందు దాని జోలికి పోదు. మందు కూర్చునే గుంటను చూడాలి. ఎఫ్‌కేబీపీ12లో (టాక్రోలిమస్ మందు అతుక్కునే ప్రొటీన్) 88వ స్థానంలో అమైనో ఆమ్లం మనకు హిస్టిడిన్, ఆస్పర్‌జిల్లస్‌కు ఫినైల్‌అలనిన్. టాక్రోలిమస్ ఫంగస్‌నూ ఆపుతుంది, కానీ మన రోగనిరోధకతను అణచేస్తుంది; అంతగా అణచని దాని రూపాలకు ఆసరా ఈ ఒక్క తేడాయే.

అగార్‌ప్లేట్:
జోడు సంగతి తర్వాత. ఒంట్లో ఆ జీన్ లేకపోతే ఫంగస్ నిజంగా చస్తుందా? ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచే ఆర్‌పీఎంఐ మీడియాలో యూరిడిన్ (సిద్ధంగా దొరికే పిరిమిడిన్ రూపం) లేదు, రక్తంలో కొన్ని మైక్రోమోలార్లు ఉంది. పిరిమిడిన్ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల ముడిసరుకు) తయారీని ఆపే మందు ప్లేట్‌లో బాగా పనిచేసిందంటే నమ్మేయకండి, యూరిడిన్ పెంచుతూ చూడండి. మిల్లీమోలార్ మోతాదులో మాత్రమే ఫంగస్ కోలుకుంటే టార్గెట్ సరైనదే. రక్తంలో ఉండేపాటి మోతాదుకే కోలుకుంటే వదిలేయండి.

కాండిడా ఆల్బికాన్స్‌లో జీన్ రెండు కాపీల్లో ఒకటి తీసేసి, రెండోదాన్ని టెట్రాసైక్లిన్ ప్రమోటర్ (డాక్సీసైక్లిన్ ఇస్తే జీన్‌ను ఆపే స్విచ్) కింద పెడతాం కదా, అక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. అప్పటికే కణంలో ఉన్న ప్రొటీన్ కొన్ని తరాలు నడిపిస్తుంది, కాబట్టి రాత్రంతా డాక్సీసైక్లిన్‌లో పెంచాకే లెక్క మొదలుపెట్టాలి. డాక్సీసైక్లిన్ మైటోకాండ్రియానూ తాకుతుంది, కాబట్టి మాతృ స్ట్రెయిన్‌కూ అదే మోతాదు ఇచ్చి పోల్చాలి. ఎలుకల్లో ఒక గుంపుకు ఇన్ఫెక్షన్‌కు ముందే, ఇంకో గుంపుకు 48 గంటల తర్వాత జీన్ ఆపండి. మొదటి గుంపే బతికితే ఆ టార్గెట్ నివారణకు పనికొస్తుంది, ముదిరిన జబ్బుకు కాదు.

బీజాంశం:
ఇది ఒప్పుకుంటాను. కానీ కవకజాలం గారూ, ఒక్క అమైనో ఆమ్లం మీద ఆధారపడితే ఒక్క మ్యుటేషన్‌తో మందు పోతుంది. ఒలోరోఫిమ్‌కు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌లో దాని టార్గెట్ ఎంజైమ్‌లోని జీ119 అనే అమైనో ఆమ్లం దగ్గర జరిగేది అదే.

కవకజాలం:
మీరు మెచ్చిన గ్లూకాన్ సింథేజ్‌లోనూ ఎస్645 అనే అమైనో ఆమ్లం ఒక్కటి మారితే కాండిడా ఆల్బికాన్స్ ఎకినోక్యాండిన్లను తట్టుకుంటుంది. ఆ ప్రమాదానికి జోడుతో సంబంధం లేదు. నాకు ఎక్కువ భయం పొలాల నుంచి. ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అనే పంట మందు టార్గెట్ కూడా ఒలోరోఫిమ్‌దే, ఒకదాన్ని తట్టుకునే స్ట్రెయిన్ రెండోదాన్నీ తట్టుకోగలదు. టార్గెట్ ఖాయం చేసేముందు పంట మందుల జాబితాతో సరిపోల్చుకోండి.