రోవర్ ఐదు మీటర్లు జరిగాక తీసిన ఫోటోతో చేసిన త్రీడీ చిత్రం నిజమైనదేనా?

విక్టోరియా_అంచు:
చిత్రాల విభాగంలో నేను పెట్టిన విక్టోరియా బిలం అనాగ్లిఫ్ (ఎరుపు-నీలి కళ్ళజోడుతో చూసే త్రీడీ చిత్రం) కింద మొదలైన వాదం అక్కడ ఇమడకపోవడంతో దానిని ఇక్కడికి తెచ్చాను. అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ 2006లో ఆ బిలాన్ని చేరుకున్నాక అంచు వెంట కదులుతూ తన జంట కెమెరా పాన్‌క్యామ్‌తో తీసిన ఫోటోలలో నుంచి, సుమారు ఐదు మీటర్ల ఎడంలో రెండు చోట్ల నిలిచి అవతలి గోడను చూసిన రెండు ఫ్రేములను ఎంచి జత చేశాను. ఒకేచోట నిలిచి ఎడమ, కుడి కెమెరాలతో తీసిన మామూలు జత కాదిది. ఋజుదృష్టి గారు దీనిని ‘కల్తీ లోతు’ అన్నారు. ఇలాంటి చిత్రాన్ని త్రీడీ అనవచ్చునా, అనకూడదా అన్నది సభ్యులు చెప్పాలి.

ఋజుదృష్టి:
అన్నమాటకు కట్టుబడే ఉన్నాను. మనిషి కళ్ళ మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు. చార్లెస్ వీట్‌స్టన్ 1838లో స్టీరియోస్కోపును లోకానికి వివరించినప్పటి నుంచి ఈ విద్యకు పునాది ఒక్కటే: రెండు కళ్ళు విడివిడిగా చూసే బొమ్మలను ఆయా కళ్ళకు విడివిడిగా అందించడం. ఐదు మీటర్లంటే దానికి దాదాపు 77 రెట్లు. అంత ఎడంగా కళ్ళున్న జీవికి ఎనిమిది వందల మీటర్ల బిలం పదిమీటర్ల నమూనాబొమ్మలా కనిపిస్తుంది. మీరు చూపిస్తున్నది విక్టోరియా బిలాన్ని కాదు, దాని బొమ్మరిల్లును.

కుతూహలి:
నాకు బిలం లోతుగా కాక గుట్టలా ఉబ్బి కనిపిస్తోంది. దీనికి కూడా ఐదు మీటర్లే కారణమా?

పాతకెమెరా:
కాదండీ, కళ్ళజోడు తిరగేసి పెట్టుకున్నట్టున్నారు. ఎరుపు అద్దం ఎడమ కంటికి రావాలి.

విక్టోరియా_అంచు:
ఋజుదృష్టి గారూ, మీ 6.5 సెంటీమీటర్ల సూత్రాన్నే పట్టుకుంటే రోవర్లు పంపిన జతలన్నిటినీ చెత్తబుట్టలో వేయవలసి వస్తుంది. ఆపర్చునిటీ పాన్‌క్యామ్ కళ్ళ మధ్య ఎడం 30 సెంటీమీటర్లు, దారి చూసే నావ్‌క్యామ్‌కు 20, చక్రాల ముందు అడ్డంకులను చూసే హజ్‌క్యామ్‌కు 10. క్యూరియాసిటీ, పర్సివరెన్స్‌ల నావ్‌క్యామ్‌లకు 42. అలా ఎడంగా పెట్టినవారికి మనిషి ముఖం కొలతలు తెలియక కాదు, రోవర్ దారిలోని రాయి ఎంత దూరంలో ఉందో లెక్కకట్టడానికి ఆ ఎడం కావాలి కాబట్టి.

అవతలి గోడ సంగతి చూద్దాం. పాన్‌క్యామ్‌లో ఒక్కొక్క పిక్సెల్ సుమారు 0.27 మిల్లీరేడియన్ల కోణాన్ని (కిలోమీటరు దూరాన 27 సెంటీమీటర్లను) పట్టుకుంటుంది. 30 సెంటీమీటర్ల ఎడంతో వంద మీటర్ల దూరంలోని రాయికీ, దాదాపు అనంతదూరంలోని దిగంతానికీ రెండు ఫ్రేముల మధ్య వచ్చే తేడా 11 పిక్సెళ్ళు. ఏడువందల మీటర్ల అవతల ఉన్న గోడకు వచ్చేది ఒకటిన్నర పిక్సెలే. ఆ ఒకటిన్నరలో గోడ మీది గూళ్ళు, కొనలు, జారిపడిన రాళ్ళ గుట్టలు అన్నీ ఒకే అట్టముక్కకు అతికించినట్టు చదునైపోతాయి. అదే గోడకు ఐదు మీటర్ల ఎడంతో 26 పిక్సెళ్ళ తేడా దొరుకుతుంది. ముందుకు పొడుచుకు వచ్చిన రాతికొనకూ, దాని వెనుక లోపలికి తగ్గిన భాగానికీ మధ్యనున్న దూరం అప్పుడు గాని కంటికి ఆనదు. ఆ దూరం నేను కల్పించినది కాదు, బిలంలో ఉన్నదే. లేని లోతు పెడితే కల్తీ, ఉన్నదానిని కంటికి అందేలా చేస్తే కల్తీ ఎలా అవుతుంది?

ఋజుదృష్టి:
మీరు ఇంత వ్రాసినా నా 6.5 అలాగే ఉంది. కెమెరాలు పెట్టినవారు కొలతల కోసం పెట్టుకున్నారు, కాదనను. కొలిచే జతను చూసే జతగా చూపించినప్పుడే నాకు అభ్యంతరం.

ఇది నాకు ఊరికే పుట్టిన పట్టుదల కాదు. ఒక ప్రదర్శనలో పిల్లలకు అంగారక చిత్రాలు చూపించే పని నాకు అప్పగించారు. ఇచ్చిన కట్టలో ఇలాగే రెండుచోట్ల నుంచి తీసి అతికిన బిలం చిత్రం ఉంది, దాని కింద ఆ వివరమేమీ లేదు. ఇంత నిటారు గోడ దిగితే బండి పల్టీ కొట్టదా అని ఒక అమ్మాయి అడిగింది. నిజానికి అది అంత నిటారుగా లేదని నేను చెప్పగానే, అయితే మాకు చూపించినది ఉత్తుత్తి బొమ్మా అని ఆ వరుసంతా అడిగింది. నిర్వాహకులు వచ్చి నకిలీ చిత్రాలు తెచ్చానని నన్నే మందలించారు. చేసినవారెవరో హాయిగా ఉన్నారు, మాట పడ్డది నేను.

ఒంటికన్ను:
నాకు చిన్ననాటి నుంచి ఒక కన్ను బలహీనం. మీ ఎరుపు-నీలి కళ్ళజోడు నాకు రెండు రంగుల మసకను తప్ప మరేమీ ఇవ్వదు. నేను రెండు ఫ్రేములనూ ఒకదాని తరువాత ఒకటిగా ఊపి చూస్తాను. మామూలు పాన్‌క్యామ్ జతను అలా ఊపితే దగ్గరి రాళ్ళు కదులుతాయి, దూరపు గోడ కదలదు. ఐదు మీటర్ల జతలో గోడే కదులుతుంది, అంచు మీద ఐదడుగులు పక్కకు వేసి చూసినట్టు ఉంటుంది. అందులో నాకు అబద్ధం ఏదీ కనబడలేదు. మీ తగవంతా కళ్ళజోడు పెట్టుకున్నవారి తగవు.

పాతకెమెరా:
ఒంటికన్ను గారి మాటతో ఏకీభవిస్తూనే ఇంకొకటి చేరుస్తాను. ఎడం 6.5 సెంటీమీటర్లు ఉన్నంత మాత్రాన చిత్రం కంటికి నిజమైపోదు. కెమెరా ఎంత కోణాన్ని పట్టుకున్నదో, తెర మీది చిత్రం మన కంటిముందు అంతే కోణాన్ని ఆక్రమించాలి. క్యూరియాసిటీ మాస్ట్‌క్యామ్‌లో కుడి కన్ను 100 మిల్లీమీటర్ల లెన్స్, దాని చూపు సుమారు 5 డిగ్రీలు. ఆ ఫ్రేమును కంప్యూటర్ తెర నిండా పరచి దగ్గరగా కూర్చుంటే ముప్ఫై డిగ్రీలు పరుచుకుంటుంది, అంటే బైనాక్యులర్‌లో చూసినట్టే. బైనాక్యులర్‌లో లోతు అణగారిపోతుందని దానిని వాడినవారికి తెలుసు. ఇక ఆ కెమెరా ఎడమ కన్ను 34 మిల్లీమీటర్ల లెన్స్. ఆ రెండింటినీ జత చేయాలంటే ఒకదానిని సాగదీయాలి లేదా రెండవదానిని కుదించాలి. పర్సివరెన్స్‌లో రెండు కళ్ళకూ ఒకే రకమైన జూమ్ లెన్సులు పెట్టాక గాని ఆ తలనొప్పి తీరలేదు. కాబట్టి ‘చూసే జత’ అంటూ ప్రత్యేకంగా ఒకటి ఉందనుకోవడమే నాకు సందేహం.

ఋజుదృష్టి:
లెన్సుల గొడవ వేరు, కళ్ళ ఎడం వేరు. దారి మళ్ళించకండి.

విక్టోరియా_అంచు:
దారి మళ్ళించినది ఎవరో చదివేవారు చూస్తున్నారు. ఈ జత కుదరడానికి ఏం చేశానో మీకు తెలుసా? అడ్డంగా తేడా ఉండవచ్చు గాని నిలువుగా ఒకటి రెండు పిక్సెళ్ళ తేడా ఉన్నా కన్ను పీకుతుంది. రెండు చోట్లా రోవర్ వేర్వేరుగా ఒరిగి ఉంది కనుక ఫ్రేములను తిప్పి, సాగదీసి ఆ తేడాను తీశాను. నీడల తేడా కనబడకుండా రెండు సోల్‌లలోనూ (అంగారక దినాలలోనూ) సూర్యుడు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్న ఫ్రేములనే వెతికాను. ముందరి ఇసుకను కోసివేశాను. ఎడం కన్నా ముప్ఫై రెట్ల దూరంలోపు ఉన్నదేదీ కంటికి కలవదు కదా, ఐదు మీటర్లకు నూట యాభై మీటర్ల దాకా వదులుకోవాలి. ఈ వేదికలో ఒక్క జతనైనా సరిదిద్ది పెట్టని మీరు, ఇంకెవరో చేసిన చిత్రం వల్ల ఎక్కడో మీకు జరిగిన అవమానాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దుతున్నారు.

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగతం మానండి. చిత్రం గురించే మాట్లాడండి.

ఋజుదృష్టి:
సరే, చిత్రం గురించే. దాని కింద మీరు వ్రాసిన వాక్యాన్ని యథాతథంగా ఇస్తున్నాను: ‘విక్టోరియా అంచు మీద నిలబడితే మీకు కనిపించేది ఇదే.’ అంచు మీద నిలబడినవాడికి అవతలి గోడ చదునుగానే కనిపిస్తుంది. ఏడువందల మీటర్ల దూరాన మన రెండు కళ్ళు చేయగలిగినది అంతే. మీ లెక్క ప్రకారమే 30 సెంటీమీటర్లకు ఒకటిన్నర పిక్సెల్ అయితే, 6.5కు పిక్సెల్‌లో మూడోవంతు. గోడ మీద గూళ్ళున్నమాట నిజం, అక్కడ నిలబడితే వాటి లోతు కనిపిస్తుందన్న మాట అబద్ధం. మొదటినుంచీ నా పోరు దీనితోనే.

విక్టోరియా_అంచు:
అయితే ఇన్ని సందేశాలుగా 6.5, 6.5 అని జపం ఎందుకు చేశారు? ఆ వాక్యం గురించి మొదటే అడిగితే సరిపోయేది.

అయినా దానికీ కారణం చెబుతాను. చిత్రం కింద ఎడం, కోణం, సోల్ సంఖ్య వ్రాస్తే ఎవరూ కళ్ళజోడు పెట్టుకోరు. నిలబడి చూస్తున్నట్టు ఊహించుకోమంటే పెట్టుకుంటారు. అంగారకుడి మీద ఎవరూ నిలబడలేదు. అలాంటప్పుడు ‘నిలబడితే’ అన్నది ఊహకు పిలుపే గాని సాక్ష్యం కాదు.

ఋజుదృష్టి:
సరిగ్గా అందుకే అది సాక్ష్యమవుతుంది. పక్క ఊరి కొండ చిత్రానికి అలా వ్రాస్తే చదివినవాడు వెళ్ళి సరిచూసుకుంటాడు. విక్టోరియాకు వెళ్ళి సరిచూసేవాడెవడు? అక్కడి సంగతి మనకు చేరేది ఈ ఫ్రేముల వల్లనే. వాటిని ఎలా కలిపారో చెప్పకపోతే చూసేవాడి చేతిలో ఏమీ మిగలదు. 2023 సెప్టెంబరులో ఇస్రో ప్రజ్ఞాన్ నావ్‌క్యామ్ జతతో చేసిన విక్రమ్ ల్యాండర్ అనాగ్లిఫ్‌ను విడుదల చేసినప్పుడు, ఎడమ చిత్రాన్ని ఎరుపులోనూ కుడి చిత్రాన్ని నీలం, ఆకుపచ్చలలోనూ ఉంచి కలిపామని పక్కనే చెప్పింది. దానివల్ల కళ్ళజోడు పెట్టుకునేవారు తగ్గారని నేను అనుకోను.

కుతూహలి:
కళ్ళజోడు సరిగా పెట్టుకున్నాను. గోడ అద్భుతంగా ఉంది. నేనైతే అక్కడ నిలబడితే ఇలాగే ఉంటుందనుకున్నాను.

ఋజుదృష్టి:
చూశారా.

విక్టోరియా_అంచు:
ఇప్పుడు వ్యాఖ్య ఇలా మార్చాను: ‘విక్టోరియా బిలం అవతలి గోడ. ఆపర్చునిటీ సుమారు ఐదు మీటర్ల ఎడంలో రెండు చోట్ల నుంచి తీసిన పాన్‌క్యామ్ ఫ్రేములు. కంటికి కనిపించే దానికన్నా లోతు చాలా ఎక్కువగా తెలుస్తుంది. దగ్గరి నేల కోసివేయబడింది.’ మీరు ఆ విభాగంలో వ్రాసిన ‘కల్తీ లోతు’ను తీసివేయండి.

ఋజుదృష్టి:
తీసివేశాను. రెండు ఫ్రేములూ వేర్వేరు సోల్‌లవని కూడా చేర్చండి, రోవర్ ఒరుగును సరిదిద్దారని కూడా. ‘చాలా ఎక్కువగా’ అన్నది కొలత కాదు, 77 రెట్లు అని వ్రాయండి.

విక్టోరియా_అంచు:
సోల్‌లు, ఒరుగు చేరుస్తాను. 77 మాత్రం వ్రాయను. ఫోన్‌లో చూసేవారికీ గోడమీది పెద్ద తెర మీద చూసేవారికీ ఆ లోతు ఒక్కలా ఉండదని పాతకెమెరా గారు చెప్పిన దానికి మీరింకా జవాబు ఇవ్వలేదు.