మెంటరే మార్కులు వేయాలా? ట్రైనీ టీచర్ల విషయంలో మీరేమంటారు

నల్లబల్ల:
టీచింగ్ ప్రాక్టీస్‌లో పక్కనుండి నేర్పించే మెంటరే చివర్లో మార్కులు కూడా వేయడం తప్పని నా అభిప్రాయం. నా ట్రైనింగ్‌లో ఆరో తరగతికి భిన్నాల భాగహారం చెబుతూ, రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తామని ఒక పాప అడిగితే జవాబు తోచక "రూల్ అంతే" అనేశాను. సాయంత్రం మెంటర్ "ఎలా జరిగింది?" అంటే "బాగానే జరిగింది మేడమ్" అన్నాను. మార్కులు ఆవిడ చేతిలో ఉంటే తెలియదని ఎలా చెప్పుకుంటాను? ఆ పాపకి జవాబు దొరకనే లేదు, నాకది ఇప్పటికీ బాధే. హాబ్సన్, మాల్డెరెజ్ అనే పరిశోధకులు 2013లో ఇలా తీర్పులు చెప్పే మెంటరింగ్‌కి 'జడ్జిమెంటరింగ్' అని పేరే పెట్టారు.

చివరిబెంచి:
మీ బాధ నిజమేనండీ, కానీ మెంటర్ కాకుండా మార్కులు వేయడానికి ఒక్కరోజు వచ్చిపోయే పరిశీలకుడికి ఏం తెలుస్తుంది? ఆ రోజుకి చార్టులు అంటించి, బాగా చదివే పిల్లల్నే లేపి ప్రశ్నలడిగి గట్టెక్కినవాళ్లని చూశాను. రోజూ వెనక కూర్చుని చూసేది మెంటరే. ప్రశ్న వేశాక పిల్లలకి ఎంతసేపు ఇస్తున్నారో మెంటర్‌గా నేను వాచీ చూసి రాసిస్తాను, ఎందుకంటే మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే గమనించినట్టు చాలామంది టీచర్లు ఒక్క సెకను కూడా ఆగరు, మూడు సెకన్లు ఆగితే మాత్రం జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారు. ఇది ఎవరికివాళ్లు చూసుకోలేరు.

నల్లబల్ల:
ఆ కాగితం నాకూ ఎవరైనా ఇచ్చుంటే ఎంత బాగుండేదో! అయితే అదే కాగితం మార్కుల ఫైల్లోకి వెళ్తుందంటే ట్రైనీ సెకన్లు లెక్కపెట్టుకుంటాడు తప్ప పిల్లల మొహాలు చూడడు. ఇంగ్లండ్‌లో 2021 నుంచి, ట్రైనింగ్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్త టీచర్లకి రెండేళ్లపాటు మెంటర్ వేరు, మదింపు చేసే ట్యూటర్ వేరు. మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 5 శాతం పీరియడ్లు తగ్గిస్తారు కూడా. ట్రైనీలకీ అలా చేయొచ్చు కదండీ?

చివరిబెంచి:
విడదీస్తే నాకు అభ్యంతరం లేదు, మెంటర్‌కి కూడా పీరియడ్లు తగ్గించాలి. నిండు టైమ్‌టేబుల్‌తో మెట్లమీద నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేదాన్ని మెంటరింగ్ అనలేను. ఈసారి వచ్చే ట్రైనీకి నా నోట్సు తనకే ఇచ్చేస్తాను, మార్కులు ఇంకో టీచర్‌ని వేయమని అడుగుతాను.