ఇంజన్ బేలో వేలాడే ఖాళీ కనెక్టర్లు: కోసెయ్యాలా, ఉంచాలా?

పాతపికప్
బండి 1990 ఫోర్డ్ ఎఫ్-150. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, ఏసీ లేదు. బానెట్ ఎత్తితే నాలుగైదు కనెక్టర్లు దేనికీ తగలకుండా వేలాడుతున్నాయి. డిస్ట్రిబ్యూటర్ వైపు ఇంకొకటి ఉంది. దాంట్లో చిన్న ప్లాస్టిక్ ముక్క గుచ్చి ఉంది కానీ ఆ ముక్క నుంచి వైరు ఎటూ పోవట్లేదు. పీకి చూస్తే లోపల రెండు పిన్నుల్ని కలిపే రేకు, అంతే. ఇవన్నీ కోసేసి హార్నెస్‌కి (వైర్ల కట్టకి) కొత్త టేపు చుట్టేద్దామని ఉంది. పనికిరానివేవో ఎలా తేల్చుకోవాలి?

గ్రీజుచేతులు
కోసెయ్యండి. ముప్పై ఏళ్లు దాటిన వైర్లు, పైన పూత పెళుసెక్కి ఉంటుంది. అందులో ఒక్కదానికి కరెంటు వస్తున్నా, ఊగి ఊగి ఇనుముకి తగిలితే ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేని లైనైతే మంటే. వాడనిది బండిలో ఉండకూడదు. నేను చేసిన ప్రతి బండిలోనూ తీసేస్తాను.

వైరింగ్_బాబాయ్
పాతపికప్ గారూ, ముందు ఆ ప్లాస్టిక్ ముక్కని ఎక్కడ తీశారో అక్కడే పెట్టెయ్యండి. దాన్ని స్పౌట్ ప్లగ్ అంటారు. ఇంజన్ కంప్యూటర్ నుంచి ఇగ్నిషన్ మాడ్యూల్‌కి వెళ్లే స్పార్క్ సిగ్నల్ ఆ రేకు మీదుగానే పోతుంది. టైమింగ్ లైట్ పెట్టి బేస్ టైమింగ్ (స్పార్క్ పడాల్సిన మూల సమయం) సెట్ చేసేటప్పుడు మాత్రమే దాన్ని పీకుతారు, మీ ఇంజన్‌కి టీడీసీకి (పిస్టన్ పైకొసకి చేరే చోటు) ముందు 10 డిగ్రీలు. అది లేకపోయినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో పెద్దగా తేడా తెలియదు. కానీ టైమింగ్ ఆ 10 దగ్గరే ఆగిపోతుంది, అడ్వాన్స్ అవదు, అంటే వేగం పెరిగినా స్పార్క్ ముందుకు జరగదు. లోడు వేసి ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, పెట్రోలు తాగుతుంది. అప్పుడు కార్బురేటర్ కాలం మెకానిక్ ఇంజెక్టర్లు విప్పుతాడు, పంపు మారుస్తాడు, ఈ ముక్క వైపు మాత్రం చూడడు.

ఇక ఖాళీవి. ఆరు గళ్ల కనెక్టరూ, దాని పక్కనే విడిగా ఒంటి వైరు కొసా ఉన్నాయేమో చూడండి. అవి సెల్ఫ్-టెస్ట్ కోసం ఉన్నవి. ఫాల్ట్ కోడ్లు చదవాలంటే మీ బండికి ఉన్న దారి అదే. అమెరికాలో కార్లకీ పికప్‌లకీ ఓబీడీ-2 (అన్ని కంపెనీలకీ ఒకే తీరుగా కోడ్లు చదివే పద్ధతి) తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి ఆ కంపెనీది. టయోటాలో బానెట్ కింద మూత ఉన్న చిన్న పెట్టె, అందులో టీఈ1, ఈ1 అనే పిన్నులు కలిపితే డాష్‌బోర్డులో ఇంజన్ లైటు మిణుకుతూ కోడ్లు కొడుతుంది. జీఎం పాత పికప్‌లలో ఫ్యూయల్ పంపు టెస్టుకని ఒంటి ఎర్ర వైరు కొస వదిలేశారు, దానికి 12 వోల్టులిస్తే పంపు తిరుగుతుంది. ఇవన్నీ ఖాళీగా ఉండాల్సినవే. ఖాళీగా కనిపించింది కదా అని కోస్తే రేపు రిపేరుకి దారే ఉండదు.

గ్రీజుచేతులు
టెస్టు కనెక్టర్లు ఉంచమంటే ఒప్పుకుంటా బాబాయ్. మరి ఏసీ లేని బండికి ఏసీ కంప్రెసర్ ప్లగ్గెందుకు? ఒకే హార్నెస్ అన్ని మోడళ్లకీ వేసి కంపెనీ తన పని తేలిక చేసుకుంది. ఆ బరువు మనం మోయాలా?

వైరింగ్_బాబాయ్
మోయమని కాదు. అది ఏసీదే అని ముందు తేలాలి కదా. పిన్నుల్ని టార్చి వేసి దగ్గరగా చూడండి. ఎప్పుడూ ఏదీ తగలని పిన్ను మీద తగరపు పూత ఒకే తీరుగా, కాస్త మసకగా ఉంటుంది. ఒకసారైనా జత పెట్టి తీసినదైతే అవతలి స్ప్రింగు ఒరుసుకున్న చోట సన్నని గీతలు నిలువుగా మెరుస్తుంటాయి. గీత ఉందంటే ఒకప్పుడు అక్కడ ఏదో ఉండేది, ఎవరో పీకారు. ఫ్యాక్టరీలోనే వాడకుండా వదిలినవి మామూలుగా హార్నెస్‌కి టేపుతో కట్టేసో, క్లిప్పుకి తగిలించో, మూత పెట్టో ఉంటాయి.

తర్వాత మీటరు. డిజిటల్‌దే వాడండి, లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లు ఉన్నది. టెస్టు లాంపు ఎక్కువ కరెంటు లాగుతుంది, కంప్యూటర్ లైను మీద పెడితే లోపలి డ్రైవరు సర్క్యూట్ పోవచ్చు. కీ ఆఫ్‌లో, కీ ఆన్‌లో, ఇంజన్ నడుస్తుండగా మూడుసార్లూ చూడండి. 5 వోల్టులు వస్తే దాదాపుగా సెన్సర్ లైను, దాన్ని ముట్టుకోవద్దు. వైరు తోలు గుచ్చి చూడొద్దు, వెనక నుంచి సన్నని ప్రోబుతో చూడండి. గుచ్చిన చోటే నీరు దిగి రాగి పచ్చబడుతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న బండి చదువుతున్నవాళ్లకి ఒక మాట: పసుపు కనెక్టర్ల మీద మీటరు అసలు పెట్టకండి.

పెద్దలారీ
భారీ లారీల వైపు నుంచి నా మాట. జె1939 (లారీలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్) ఉన్న బండిలో కూడా వైరు బయటికి పోని ప్లగ్గులుంటాయి. అవి డమ్మీలు కావు, లోపల 120 ఓమ్‌ల టెర్మినేటింగ్ రెసిస్టర్ ఉంటుంది, ఆ నెట్‌వర్క్ లైనుకి రెండు కొసల్లో ఒక్కొక్కటి. బ్యాటరీ తీసి రెండు లైన్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒకటి పోయినట్టు, లేదా ఎవరో "వాడట్లేదు" అని పీకేసినట్టు. ఆ తర్వాత కమ్యూనికేషన్ ఫాల్టులు ఉండుండి వస్తుంటాయి, వెతుక్కోవడం నరకం.

అయినా గ్రీజుచేతులు గారి భయం నిజమే. అందుకే తీసేయక తప్పకపోతే కనెక్టరు దగ్గర కోయకూడదు. అక్కడ కోస్తే బతికున్న కొస అలాగే మిగులుతుంది. ఫ్యూజు దగ్గరికో, జాయింటు దగ్గరికో వెనక్కి వెళ్లి అక్కడ విడదీయాలి.

గ్రీజుచేతులు
వెనక్కి వెళ్లి తీయడం నాకూ సమ్మతమే. ఊరికే టేపు చుట్టి వదిలేయడం మాత్రం ఒప్పుకోను, వేడికి ఆ జిగురు కారిపోతుంది. ఉంచేట్టయితే రబ్బరు సీలున్న మూత పెట్టి, క్లిప్పుతో బిగించండి.

పాతపికప్
స్పౌట్ ముక్క పెట్టేశాను. ఆరు గళ్లదీ, ఒంటి వైరూ ఫెండర్ పక్కన దొరికాయి, లేబుల్ కట్టాను. ఫైర్‌వాల్ దగ్గరి రెండు పిన్నుల దానికి ఒక్క గీత కూడా లేదు, టేపుతో కట్టే ఉంది. ఏసీ ప్రెషర్ స్విచ్చిది అనుకుంటున్నా, మూత పెట్టి వదిలేస్తా. రేడియేటర్ వైపు ఒకటి మాత్రం తేలట్లేదు. పిన్నుల మీద గీతలున్నాయి, కీ ఆన్ చేస్తే ఒకదానికి 12 వోల్టులు.

వైరింగ్_బాబాయ్
గీతలూ, 12 వోల్టులూ రెండూ ఉన్నాయంటే దాన్ని అస్సలు కోయకండి. వైరు రంగూ, దాని మీది సన్న గీత రంగూ రెండూ రాయండి, కనెక్టరు ముందు వైపు ఫోటో ఫ్లాష్ లేకుండా పగటి వెలుతుర్లో తీసి పెట్టండి. 1990 వైరింగ్ డయాగ్రమ్ నా దగ్గరుంది, పోల్చి చెప్తాను.