స్టోన్‌హెంజ్ ఒక్కటే చూస్తే సరిపోతుందా?

నల్లగొండ టీచరమ్మ:
అందరికీ నమస్తే. మా బాబు ఇంగ్లండ్‌లో స్విండన్ అనే ఊళ్లో ఉంటాడు, సెప్టెంబర్‌లో నేనూ మా ఆయనా వెళ్తున్నాం. లండన్ ఎట్లాగూ చూపిస్తాడు, నాకు మాత్రం పల్లెల వైపు పాత కట్టడాలు చూడాలని ఉంది. పోయిన ఏడాది నారాయణపేట జిల్లా ముడుమాల్ పోయి నిలువురాళ్లు చూశాను, పొలాల మధ్య నాకు రెండింతల ఎత్తున్న రాయి మీద చెయ్యి పెడితే ఎండకు కాగి ఉంది, అప్పటి నుంచి ఇంగ్లండ్‌లోని పాత రాళ్ల వలయం స్టోన్‌హెంజ్ మీద మనసు పడింది. కానీ అక్కడ రాళ్ల దగ్గరికి పోనివ్వరట కదా? మా ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు.

మక్తల్ టు బ్రిస్టల్:
నిజమే అమ్మా, మామూలు టికెట్‌కు కాస్త దూరం నుంచే చుట్టూ తిరిగి చూడాలి. కారు దిగిన చోటు నుంచి రాళ్ల దాకా దాదాపు రెండు కిలోమీటర్లు, బస్సులో తీసుకుపోతారు కాబట్టి అంకుల్‌కు ఇబ్బంది ఉండదు. జనం లేని వేళల్లో వలయం లోపలికి పంపే వేరే టికెట్ ఉంది, ముందే బుక్ చేయాలి, అయితే ముట్టుకోవడం అప్పుడూ కుదరదు. అయినా చూడాల్సిందే. నాలుగున్నర వేల ఏళ్ల కింద ఒక్కొక్కటి 25 టన్నుల రాళ్లను 25 కిలోమీటర్ల అవతల నుంచి తెచ్చి నిలబెట్టారు. పైన అడ్డంగా పెట్టినవి జారకుండా కింది రాయి నెత్తిన బుడిపె చెక్కి, పై రాయికి సరిగ్గా అంత గుంట తొలిచారు, మన వడ్రంగులు దర్వాజా బిగించినట్టే.

పాలమూరు పిల్ల:
ఆంటీ, మీకు చెయ్యి పెట్టి చూడాలని ఉంటే ఏవ్‌బరీ వెళ్లండి. స్విండన్ నుంచి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. రాళ్ల వలయం మధ్యలోనే ఊరుంది, గొర్రెలు మేస్తుంటాయి, టికెట్ లేదు, పార్కింగ్‌కే డబ్బులు. నాకు అక్కడ బాధనిపించింది ఒకటుంది. 1700ల్లో ఆ ఊరివాళ్లే చాలా రాళ్లను గుంటలో పడగొట్టి, గడ్డి వేసి మంట పెట్టి, కాగాక చల్లనీళ్లు పోసి సుత్తెలతో పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నారు. మా ఊరి గుట్ట మీద వడ్డెరోళ్లు బండకు మంట పెట్టడం చిన్నప్పుడు చూశాను, ఆ పొగ వాసన గుర్తొచ్చింది. 1930ల్లో అలెగ్జాండర్ కెయిలర్ అనే ఆయన సొంత డబ్బుతో భూమి కొని, పూడిపోయిన రాళ్లను తవ్వి మళ్లీ నిలబెట్టాడు. 1938లో ఒక రాయి కింద మనిషి ఎముకలు, కత్తెర, 1300ల నాటి నాణేలు దొరికాయి.

మక్తల్ టు బ్రిస్టల్:
అవును, అది మర్చిపోయాను. వీలైతే అఫింగ్టన్ తెల్ల గుర్రం కూడా చూడండి, గుట్ట వాలులో సున్నపురాయి దంచి నింపిన 110 మీటర్ల బొమ్మ, మూడు వేల ఏళ్లది. గడ్డి మూసేయకుండా ఇప్పటికీ జనమే పోయి సుత్తెలతో కొత్త సున్నపురాయి దంచుతారు. మన ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది, అక్కడా ఇట్లా ఊరంతా కలిసి కాపాడుకుంటే ఎంత బాగుంటుందో.

నల్లగొండ టీచరమ్మ:
చాలా థాంక్స్ బిడ్డా, ఏవ్‌బరీ ఖాయం. గొర్రెలంటున్నారు, చెప్పులతో నడవొచ్చా?

పాలమూరు పిల్ల:
వద్దాంటీ, బూట్లే తెచ్చుకోండి. పొద్దున పూట గడ్డంతా తడిగా ఉంటుంది, అంకుల్ కాలు జారుతుంది.