క్రైమ్ నవల్లో ట్రాన్స్ పాత్ర: మనలాంటి వాళ్లు రాయొచ్చా?

బెంజిసర్కిల్_రాత్రి:
విజయవాడలో జరిగే క్రైమ్ థ్రిల్లర్ ఒకటి రాస్తున్నాను. స్టేషన్ దగ్గర లాడ్జిలో హత్య. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ట్రాన్స్‌జెండర్ అని, హత్య చేసిందీ తనేనని చివరి చాప్టర్లో బయటపడుతుంది. ఫ్రెండ్‌కి చదవమని ఇస్తే, వాళ్ల కథలు వాళ్లే రాయాలి, నీకెందుకురా అన్నాడు. మరి పోలీసు కానివాడు పోలీసు కథ రాయట్లేదా? గొడవకి కాదు, నిజంగానే అడుగుతున్నా.

పటమట_పాఠకుడు:
రాయొచ్చండి. 'ఓన్ వాయిసెస్' అనే ట్యాగ్‌ని 2015లో కొరిన్ డైవిస్ అనే డచ్ రచయిత్రి ట్విట్టర్లో మొదలుపెట్టింది, ఏ పుస్తకం ఎవరి అనుభవంలోంచి వచ్చిందో పాఠకులు వెతుక్కోడానికి. పోనుపోను అది అమ్మకాల ముద్ర అయిపోయి, రచయితలు తమ గుట్టు తామే బయటపెట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది, దాంతో 2021లో 'వీ నీడ్ డైవర్స్ బుక్స్' సంస్థ ఆ మాట వాడటమే మానేసింది. అయినా ముందు రేవతి గారి 'ఒక హిజ్రా ఆత్మకథ' చదవండి. తమిళావిడ జీవితాన్ని తెలుగులోకి తెచ్చింది మన బెజవాడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన పి. సత్యవతి గారే, ఆ అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది.

కృష్ణలంక_కుర్రోడు:
థ్రిల్లర్‌కి కూడా పర్మిషన్లా బాబూ. రాసెయ్ బ్రదర్.

గుంటూరు_ఘాటు:
నేను ట్రాన్స్ మహిళని, క్రైమ్ నవలల పిచ్చి ఉన్నదాన్ని. హంతకురాలు మాలో మనిషైతే నాకేం బాధ లేదు, మాలోనూ వెధవలున్నారు. కానీ మీ కథలో షాక్ హత్యలో లేదు, ఆమె ఒంట్లో ఉంది. నా ఒళ్లు మీకు క్లూ ఏంటండీ?

బెంజిసర్కిల్_రాత్రి:
ఆ ట్విస్ట్ తీసేస్తే ఇంకేం మిగుల్తుందండీ, పుస్తకమంతా దానిమీదే నిలబడింది.

గుంటూరు_ఘాటు:
బోలెడు మిగుల్తుంది. ఆమె ట్రాన్స్ అని మొదటి పేజీలోనే చెప్పేయండి. మహిళపై అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు, అదే మా మీద లైంగిక దాడికి 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం పెట్టింది గరిష్ఠంగా రెండేళ్లు, మోటివ్ కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? లేదా చనిపోయిందే ఆమె అనుకోండి. ఎప్పుడో గెంటేసిన ఇంటివాళ్లు పాత పేరున్న కాగితాలు పట్టుకుని మార్చురీకి వస్తారు, ఇన్నేళ్లూ అన్నం పెట్టిన గురువు, అంటే మాలో అమ్మలా చేరదీసే పెద్దావిడ, దగ్గర ఒక్క కాగితమూ ఉండదు, శవాన్ని ఎవరికివ్వాలో తేలక ఎస్సై తల పట్టుకుంటాడు. అక్కణ్ణుంచి ఎత్తుకోండి కథ. మాలో ఎవరైనా ఇదే రాసుకొస్తే పబ్లిషర్ 'ఆత్మకథ రాయమ్మా, థ్రిల్లర్ ఎందుకు' అంటాడు, నాకు మండేది అక్కడ.

బెంజిసర్కిల్_రాత్రి:
మార్చురీ సీన్ రాసి పంపిస్తే చదువుతారా?

గుంటూరు_ఘాటు:
చదువుతా. ఊరికే కాదు, ఇంగ్లీషు పబ్లిషర్లు ఇలాంటి చదువుకి డబ్బులిస్తారు. రేటు మెసేజ్‌లో మాట్లాడుకుందాం.