టర్కీ వంకాయ వంటలు ఇంట్లో చేసినవారు అనుభవాలు చెప్పగలరా? (ఇమామ్ బయిల్ది, హుంకార్ బెయెండి, ఎండు వంకాయ దోల్మా)

విజయవాడ వంటిల్లు

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్ళ కిందట మా వారితో కలిసి ఇస్తాంబుల్ వెళ్ళినప్పుడు ఒక చిన్న భోజనశాలలో ఇమామ్ బయిల్ది అనే వంకాయ వంటకం తిన్నాను. ఉల్లిపాయ, టమాటా, వెల్లుల్లి తప్ప మసాలా అంటూ ఏమీ లేని ఆ వంకాయ, పూర్తిగా చల్లారిన తరువాత కూడా వెన్నలా కరిగిపోయిన తీరును ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. ఇంటికి వచ్చాక మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ మూడు విధాలుగా చెడింది.

మొదటిసారి మన గుత్తి వంకాయ అలవాటు కొద్దీ గుండ్రటి కాయలకు నాలుగు గాట్లు పెట్టి, పచ్చి ఉల్లిపాయ కూరి, మూకుడులో మూత పెట్టి మగ్గించాను. కాయ ఉడికింది గాని ఉల్లిపాయ పచ్చిగానే మిగిలింది, తొక్క తోలులా పళ్ళకు తగిలింది. రెండోసారి కాయలను ముందుగా నూనెలో వేయించాను. అవి నూనెనంతా పీల్చుకుని, తినేటప్పుడు గొంతుకు అడ్డుపడేంత బరువెక్కాయి. మూడోసారి నూనె బాగా తగ్గించి పెద్ద కాయలతో చేస్తే చేదు వచ్చింది.

ఏ రకం కాయ తీసుకోవాలి, ఉప్పునీటిలో నానబెట్టడం నిజంగా అవసరమా, నూనె ఎంత పోయాలి అన్నవి నా ప్రశ్నలు. చేసి చూసినవారు తమ అనుభవం వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

మాజీ ఇస్తాంబుల్ వాసి

ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు ఇస్తాంబుల్‌లో ఉన్నాను. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడను నేను తెయ్‌జె అని పిలిచేవాడిని. అమ్మకు అక్కచెల్లెలి వరస అయిన స్త్రీని అక్కడ అలా పిలుస్తారు, వరస లేకపోయినా పెద్దవారిని గౌరవంగా అలాగే సంబోధిస్తారు. వంకాయ గురించి నాకు తెలిసినదంతా ఆవిడ చేతి వంట చూసి నేర్చుకున్నదే.

గాట్ల దగ్గరే తేడా మొదలవుతుంది. మనం గుత్తి వంకాయను కింది నుంచి ముచ్చిక దాకా నాలుగు పక్షాలుగా చీలుస్తాము. వారు ఒక్క వైపు మాత్రమే, పొట్ట మీద నిలువుగా ఒక్క గాటు పెడతారు, అది రెండు చివరలకూ తగలకూడదు. కీమా కూరి వేడిగా వడ్డించే కర్నియారిక్‌కు ఆ పేరు అందుకే వచ్చింది. ఆ మాటకు అర్థం చీల్చిన పొట్ట. తొక్కను పూర్తిగా తీయరు, పూర్తిగా ఉంచరు, ఒక చార తీసి ఒక చార వదులుతారు. అలా చేస్తే కాయ విరిగిపోకుండా నిలబడుతుంది, మీరు చెప్పిన తోలు బాధా ఉండదు.

తరువాత కాయలను ఉప్పునీటిలో అరగంట ముంచి, తీసి, గుడ్డతో ఒక్క చుక్క తడి లేకుండా తుడిచి, బాగా కాగిన నూనెలో అన్ని వైపులా తిప్పుతూ మెత్తబడేదాకా వేయిస్తారు. తడి తుడవడం రుచి కోసం మాత్రమే కాదు, నూనె చిమ్మకుండా ఉండడానికి కూడా. చెక్క ఇళ్ళు కిక్కిరిసిన పాత ఇస్తాంబుల్‌లో వేసవి రోజుల్లో వంకాయలు వేయించేటప్పుడు నిప్పంటుకుని వీధులకు వీధులు కాలిపోయేవని, అటువంటి మంటలను వంకాయ మంటలని పిలిచేవారని తెయ్‌జె చెప్పేవారు. ఆ తరువాత పుస్తకాల్లోనూ అదే చదివాను.

ఇక కూరడానికి వాడే ఉల్లిపాయను ముందే వేరుగా మగ్గించాలి. కిలో వంకాయలకు (మధ్యరకం కాయలు ఐదారు తూగుతాయి) మూడు పెద్ద ఉల్లిపాయలను అర్ధచంద్రాకారంగా సన్నగా తరిగి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు చేర్చి, ఆలివ్ నూనెలో సన్నని సెగ మీద పదిహేను నిమిషాలైనా మగ్గనివ్వండి. రంగు మారకూడదు, మెత్తబడాలి. తరువాత మూడు టమాటాలు, ఉప్పు, ఒక చిన్న చెంచా పంచదార, చివర గుప్పెడు పార్స్‌లీ ఆకు. దీనిని వేయించిన కాయల పొట్టలో కూరి, వెడల్పాటి పాత్రలో పక్కపక్కన పేర్చి, ఒక కప్పు వేడినీళ్ళు, నాలుగు చెంచాల ఆలివ్ నూనె పోసి, మూత పెట్టి ముప్పావు గంట చిన్న మంట మీద ఉంచాలి. దించిన తరువాత అదే పాత్రలో పూర్తిగా చల్లారనివ్వాలి. ఆలివ్ నూనెతో చేసి చల్లగా వడ్డించే కూరలు టర్కీలో ఒక ప్రత్యేక వర్గం, వాటిని జెయ్‌తిన్‌యాలి అంటారు. వేడిగా తింటే వాటి రుచి సగమే తెలుస్తుంది.

బెర్లిన్ గృహిణి

పై సభ్యుల వివరణతో నేను చాలావరకు ఏకీభవిస్తున్నాను. నూనె విషయంలో మాత్రం నా అనుభవం కొంత వేరుగా ఉంది. మేముండే క్రాయిజ్‌బెర్గ్ ప్రాంతంలో టర్కీ దుకాణాలు అడుగడుగునా ఉన్నాయి, నాకు ఈ వంటలు అలవాటైనది వాటి వల్లనే. అక్కడ రెండు రకాల కాయలు ప్రధానంగా దొరుకుతాయి: పొడవుగా, సన్నగా ఉండే కెమెర్ రకం, లావుగా గుండ్రంగా ఉండే బోస్తాన్ రకం. కూరడానికి కెమెర్, కాల్చి గుజ్జు తీయడానికి బోస్తాన్ వాడతారు. మీరు మూడోసారి వాడిన పెద్ద కాయలు ముదిరినవై ఉంటాయని నా ఊహ, గింజ గట్టిపడిన కాయలో చేదు ఎక్కువగా ఉంటుంది. పరిమాణానికి తగినంత బరువు లేకుండా, నొక్కితే బెండులా అనిపించే కాయను కొనకండి.

వంకాయ గుజ్జు నిండా గాలి గదులే. పచ్చి కాయను నూనెలో వేయగానే ఆ గదులు నూనెతో నిండుతాయి, కాయ బాగా ఉడికి గోడలు కూలినప్పుడు అందులో కొంత నూనెను తిరిగి వదులుతుంది. మీరు రెండోసారి కాయను సగం వేగినప్పుడే తీసి ఉంటారు, అందుకే నూనె లోపలే ఉండిపోయింది. నేనైతే కాయలకు చేతితో నూనె పూసి, 200 డిగ్రీల ఓవెన్‌లో 35 నిమిషాలు ఉంచి, ఆ తరువాత కూరుతాను. వేయించినదానితో సమానమైన రుచి వస్తుందని చెప్పలేను, కానీ మూడు వంతుల నూనె మిగులుతుంది. కిలో కాయలకు మొత్తం మీద 100 మిల్లీలీటర్ల నూనె కంటే తగ్గించకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. ఆలివ్ నూనె ఇక్కడ పోపు సామాను కాదు, అదే రసం, అదే పులుసు.

ఇమామ్ బయిల్ది అంటే ఇమామ్ మూర్ఛపోయాడని అర్థం. రుచికి మైమరచి పడిపోయాడని కొందరంటే, భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న పన్నెండు జాడీల నూనె ఈ ఒక్క వంటకే పన్నెండు రోజుల్లో అయిపోయిందని విని పడిపోయాడని మరికొందరు చెబుతారు. రెండో కథే ఈ వంటకానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది.

గుంటూరు మిత్రుడు

ఉప్పునీటి విషయం. మన సంతల్లో ఉదయం కోసి తెచ్చిన లేత పొడవు వంకాయలకు చేదు తీయడం కోసం అరగంట నానబెట్టవలసిన అవసరం లేదని నా అనుభవం. మనం ఉప్పునీళ్ళలో వేసేది ముక్క నల్లబడకుండా, కనరెక్కకుండా ఉండడానికి. అయితే వేయించేటప్పుడు నూనె తక్కువ పీల్చడానికి ఉప్పు పనికివస్తుంది, ఎందుకంటే అది కాయలోని నీటిని లాగి, పైన చెప్పిన గాలి గదులను ముందే కొంత కుదిస్తుంది. కాబట్టి చేదు లేకపోయినా, వేయించదలచుకుంటే ఉప్పు వేయండి. ఓవెన్‌లో పెట్టదలచుకుంటే మానేయండి.

పార్స్‌లీ మా ఊళ్ళో దొరకదు. కొత్తిమీర వేస్తే వంట బాగానే ఉంటుంది గాని అది మన వంకాయ కూర అయిపోతుంది. నేను రెండుసార్లు వేసి మానుకున్నాను, ఇప్పుడు ఆకు లేకుండానే చేస్తున్నాను.

విజయవాడ వంటిల్లు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం అడగడానికి సాహసిస్తున్నాను. కాల్చిన వంకాయ గుజ్జులో పాలు, వెన్న కలిపి పైన మాంసం కూర వేసే హుంకార్ బెయెండి కూడా చేయాలని ఉంది. మా కొత్త ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉంది. మంట లేకుండా ఆ పొగ వాసన తేవడం సాధ్యమేనా?

మాజీ ఇస్తాంబుల్ వాసి

మంట లేకుండా సాధ్యం కాదనే చెప్పాలి. ఓవెన్‌లో పెట్టిన కాయ మెత్తబడుతుంది, తియ్యబడుతుంది, కానీ పొగ రాదు. మిద్దె మీద చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకోగలిగితే అదే ఉత్తమం. మన పచ్చడికి వంకాయ కాల్చినట్టే, తొక్క పూర్తిగా బొగ్గై, ముచ్చిక దగ్గర వేలితో నొక్కితే లోపలికి దిగేదాకా కాల్చాలి. కాల్చే ముందు పుల్లతో నాలుగైదు చోట్ల పొడవడం మరచిపోకండి, లేకపోతే కాయ పగులుతుంది.

మన పచ్చడికీ దీనికీ తేడా అంతా కాల్చిన తరువాతే మొదలవుతుంది. మనకు గుజ్జు నల్లబడినా ఫరవాలేదు. హుంకార్ బెయెండి మాత్రం మీగడ రంగులో ఉండాలి. అందుకని తొక్క తీసిన గుజ్జును వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్ళలో వేసి, పది నిమిషాల తరువాత జల్లెడలో గట్టిగా పిండుతారు. నీళ్ళు సరిగా పిండకపోతే తరువాత ఎంత ఉడికించినా గుజ్జు జారుగానే ఉంటుంది, నేను మొదట చేసిన తప్పు అదే. తరువాత రెండు పెద్ద చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదాను పచ్చివాసన పోయేదాకా వేయించి, తరిగిన గుజ్జు వేసి కలిపి, ఒక కప్పు వేడి పాలను కొద్దికొద్దిగా పోస్తూ చిక్కబరచాలి. చివర తురిమిన కషార్ అనే జున్ను (చీజ్) వేస్తారు. అది దొరకని చోట ఉప్పు తక్కువగా ఉండి కరిగే జున్ను ఏదైనా సరిపోతుంది.

ఈ పేరుకు సుల్తాను మెచ్చాడని అర్థం. ఫ్రాన్స్ మహారాణి యూజెనీ 1869లో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ అతిథిగా ఇస్తాంబుల్ వచ్చినప్పటి విందుతో ఈ వంటకాన్ని ముడిపెట్టే కథ ప్రచారంలో ఉంది. ఆమె రాక చరిత్ర, వంటకం సంగతి మాత్రం కథగానే తీసుకోవాలి.

కుంపటికి వీలు లేకపోతే హుంకార్ బెయెండిని పక్కన పెట్టి, గాజియాంతెప్ నగరపు అలీ నాజిక్ ప్రయత్నించండి. బంధువుల ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద కాల్చుకుని వచ్చినా దానికి చాలు. గుజ్జులో నీళ్ళు ఓడ్చిన గట్టి పెరుగు, నూరిన వెల్లుల్లి కలిపి, పైన వెన్నలో వేయించిన మాంసం వేస్తారు. వంకాయ పెరుగు పచ్చడి తిని పెరిగిన మనకు ఇది మొదటి ముద్దలోనే నచ్చుతుంది. పెరుగును మాత్రం పొయ్యి మీద పెట్టకండి, విరుగుతుంది.

హనుమకొండ ఒరుగులు

గాజియాంతెప్ పేరు వచ్చింది కాబట్టి నా అనుభవమూ చేరుస్తున్నాను. యునెస్కో 2015లో పాకశాస్త్ర నగరంగా గుర్తించిన ఆ ఊళ్ళో వేసవిలో వంకాయలను లోపల తొలిచి, డొప్పలను దారాలకు గుచ్చి ఎండలో వేలాడదీస్తారు. చలికాలంలో వాటిని మరిగే నీళ్ళలో మెత్తబరచి, బియ్యం, కీమా, మిరప ముద్ద, దానిమ్మ పులుసు కలిపి కూరి దోల్మాగా వండుతారు. దీనిని చూసినప్పుడు నాకు వెంటనే మా అమ్మమ్మ ఎండబెట్టే వంకాయ ఒరుగులు గుర్తుకు వచ్చాయి. మనం ముక్కలుగా తరిగి ఎండబెడతాము, వారు డొప్పను డొప్పగానే ఉంచుతారు, అంతే తేడా.

గత మే నెలలో పాతిక కాయలతో ప్రయత్నించాను. కాయను సగానికి కోసి, కాఫీ చెంచాతో గుజ్జు తీసి, పెద్ద సూదితో అంచున గుచ్చి మిద్దె మీద కట్టాను. గోడ మందంగా వదిలిన కాయలు మూడో రోజుకు లోపల బూజు పట్టాయి. పల్చగా, అర సెంటీమీటరు కంటే తక్కువగా తొలిచినవి నాలుగు రోజుల్లో గలగలలాడేలా ఎండాయి. పదిహేడు నిలిచాయి. వండేటప్పుడు వాటిని ఏడు నిమిషాలు మరిగించి, చల్లనీళ్ళలో కడిగాను. దానిమ్మ పులుసు లేక చింతపండు చిక్కగా తీసి, కొద్దిగా బెల్లం కలిపి వాడాను. కీమా బదులు నానబెట్టిన శనగపప్పు వేశాను. బియ్యాన్ని ముప్పాతిక వరకే నింపాలి, ఉడికితే ఉబ్బుతుంది. నేను నిండుగా కూరడంతో నాలుగు డొప్పలు చిట్లాయి. మిగిలినవాటి రుచి పచ్చి వంకాయలో ఎన్నడూ రానిది, కొంచెం నమలవలసి వచ్చే, ఎండ వాసన నిండిన రుచి.

బెర్లిన్ గృహిణి

హనుమకొండ సభ్యులు చెప్పిన చింతపండు సర్దుబాటు నాకు చాలా నచ్చింది. ఇక్కడ దుకాణాల్లో ఎండు డొప్పలు దండలుగా అమ్ముతారు గాని, స్వయంగా ఎండబెట్టిన తెలుగువారిని ఇప్పుడే చూస్తున్నాను. ఒక్క సూచన చేస్తాను: తొలిచి తీసిన గుజ్జును పారేయకండి. కొద్ది నూనెలో ఉల్లిపాయ, టమాటాలతో మగ్గించి రొట్టెతో తింటే ఆ పూట కూర అయిపోతుంది.

విజయవాడ వంటిల్లు

నిన్న నాలుగోసారి ఇమామ్ బయిల్ది చేశాను. రైతుబజారులో లేత పొడవు కాయలు ఏరి తెచ్చి, చారలుగా తొక్క తీసి, ఉప్పునీటిలో అరగంట ఉంచి, తుడిచి, ఈసారి భయపడకుండా పూర్తిగా మెత్తబడేదాకా వేయించాను. జల్లెడలో పది నిమిషాలు నిలబెడితే బెర్లిన్ సభ్యురాలు చెప్పినట్టే చాలా నూనె తిరిగి కిందికి దిగింది. ఉల్లిపాయకు పదిహేను నిమిషాలు చాలలేదు, మన ఎర్ర ఉల్లిపాయకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. సాయంత్రం వండి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఈ మధ్యాహ్నం గంట ముందుగా బయటపెట్టి వడ్డించాను. మా అత్తయ్యగారు చల్లని కూర ఏమిటని మొదట సందేహించారు, తరువాత వేడి అన్నం మీద ఆ నూనె రసం పోయించుకుని రెండోసారి అడిగి తిన్నారు. ఇస్తాంబుల్‌లో దానిని అన్నంలో కలుపుకోరని తెలుసు, అయినా ఆ కలయిక చక్కగా కుదిరింది.

ఒక్క లోపం మిగిలింది. రెండు కాయలు పాత్రలో తిప్పబోతే విరిగాయి.

మాజీ ఇస్తాంబుల్ వాసి

తిప్పకూడదండీ. కూరిన తరువాత పొట్ట పైకి ఉండేలా పేర్చితే దించేదాకా కదపనక్కరలేదు. కాయలు ఒకదానినొకటి ఒరుసుకునేలా ఇరుకైన పాత్ర తీసుకోండి, అడుగు రసాన్ని గరిటెతో పైన పోస్తూ ఉంటే చాలు. తెయ్‌జె ముచ్చికను కూడా తీసేవారు కాదు, ముళ్ళ అంచు మాత్రం చెక్కి వదిలేవారు. వడ్డించేటప్పుడు కింద వెడల్పాటి గరిటె పెట్టి, పైన ముచ్చిక పట్టుకుని ఎత్తితే కాయ చెదరకుండా పళ్ళెంలోకి వస్తుంది.