పొరుగు దేశాల తిండి ధరలు ఒకే దారికి వస్తున్నాయా?

ఒంగోలు అధ్యాపకుడు:
మన దేశంలోను, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలోను ఆహార ధరలు పెరిగే వేగం కాలక్రమంలో ఒకచోటికి చేరుతుందనే వాదన తరచూ వినిపిస్తోంది. అది సగమే నిజమని నా నమ్మకం. కొలంబో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం 2022 సెప్టెంబరులో అక్కడి ఆహార ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో తిండి ధరలు పెరిగిన రేటు, 94.9 శాతం. ఏడాది తిరిగేసరికి అది మైనస్ 5.2కు దిగిపోయింది. 2023 జూలైలో మన రేటు 11.51 ఉన్నందున, ఈ అంకెలు మాత్రమే చూసినవారికి శ్రీలంకే చవకగా బతుకుతున్నట్టు కనిపిస్తుంది. అయితే 2021 సెప్టెంబరులో అక్కడ వంద రూపాయలున్న సరుకుల బుట్ట మరుసటి ఏటికి 195కు చేరి, ఆ పై ఏడు 185 దగ్గర ఆగింది. వేగం తగ్గిందే గాని, ఎక్కిన ధరలో దిగింది కొంచెమే.

కావలి కిరాణా వర్తకుడు:
మాస్టారూ, దుకాణంలో కూర్చున్నవాడికి మాత్రం ధరలు కలిసి నడవడమే కనిపిస్తుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గింది. ఆ వెంటనే ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని ఆపింది. లీటరు ప్యాకెట్టు తీసుకెళ్లే ఇల్లాలు అరలీటరు చాలంది. కొలంబోలోనైనా, ఢాకాలోనైనా, కరాచీలోనైనా నూనె బయటినుంచి రావలసిందే కదా. నేపాల్ సంగతి చెప్పనే అక్కరలేదు. 1993 నుంచి మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలన్న మారకం మారలేదు, సరిహద్దు తెరిచే ఉంది, కాబట్టి మన ధరే కొద్ది రోజుల్లో అక్కడి ధర అవుతుంది.

ఒంగోలు అధ్యాపకుడు:
నేపాల్ విషయంలో మీ మాట కాదనలేనిది. మిగతా దేశాలకు అటువంటి మారకం లేకపోవడం వల్లనే తేడా వచ్చిందంటున్నాను. ప్రపంచ ధర డాలరులో అందరికీ ఒక్కటే అయినా, 2022 మార్చి మొదట్లో డాలరుకు 200 దగ్గరున్న శ్రీలంక రూపాయి మే నాటికి 360కి పడిపోవడంతో, అదే నూనె అక్కడ మరింత భారమైంది. అంతకుముందు ఏడాది రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి వరి దిగుబడిని దెబ్బతీసుకున్నారు. ఈ రెండూ ఇంట్లో పుట్టిన కారణాలే.

కోవూరు వరి రైతు:
అయ్యా, ధరలు కలవకుండా అడ్డుపడేది మన ప్రభుత్వమే అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపితే, మళ్లీ తలుపు తెరిచింది 2024 సెప్టెంబరు 28న. మా ఎడగారు (నెల్లూరు వైపు రెండో పంట) పైరు పొలంలో ఉండగా వచ్చిన నిర్ణయమది. పై దేశంలో ధర పెరిగితే ఆ లాభం మాకు రాకూడదా? సాగు ఖర్చు మాత్రం మేమే భరించాలి. ఇక్కడ ధాన్యం కొలిచే పుట్టి అంటే 850 కిలోలని పేరు; కళ్లంలో తేమ చూపించి ఇంకొన్ని కిలోలు అదనంగా తూయించుకునేవారున్నారు. అన్ని కోతలూ మా దగ్గరే మొదలవుతాయి.

కనిగిరి పాఠకురాలు:
రైతుగారి బాధ న్యాయమైనదే. మా మెట్ట ప్రాంతంలో బియ్యం పండించేవారి కంటే కొనుక్కునేవారే ఎక్కువ. కూలి డబ్బుల్లో మొదటి ఖర్చు అదే. 2012 ఆధారంగా లెక్కించిన మన పాత ధరల సూచీలో తిండికి దాదాపు 46 శాతం వాటా ఉండేది, కొలంబో సూచీలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. బియ్యం పది రూపాయలు పెరిగితే మా ఇళ్లలో తగ్గేది కూర, పాలు. అందుకే నిషేధాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. అయితే దాని దెబ్బ పొరుగువాడిపై పడుతుందన్నదీ నిజమే. 2019లో మనం ఉల్లి ఎగుమతిని ఆపినప్పుడు, ఢిల్లీకి వచ్చిన నాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా తన వంటలో ఉల్లి మానేయమన్నానని సభలోనే చెప్పారు. ముందుగా చెబితే బాగుండేదన్నది ఆవిడ విన్నపం.

కోవూరు వరి రైతు:
అమ్మా, ఆ విన్నపం మాది కూడా. కూలి ఇంటికి బియ్యం అందాలంటే చౌకదుకాణం ద్వారా ప్రభుత్వం తన ఖర్చుతో ఇవ్వాలి, మా ధర కోసి కాదు. ఎగుమతిని తగ్గించక తప్పని ఏడు వస్తే, రాత్రికి రాత్రి నిషేధించే బదులు సుంకం వేసి, దాని రేటును నారు పోయకముందే ప్రకటించాలి. అప్పుడు వరి వేయాలో మరొకటి వేయాలో మేం తేల్చుకుంటాం, ఢాకా వర్తకుడు తన సరుకు వేరే దేశంలో చూసుకుంటాడు.